దెబ్బ ప్రమాదం, చావు నిర్లక్ష్యం

2024 ఆగస్టు 11, ఆదివారం రాత్రి చెన్నై–తిరుపతి జాతీయ రహదారి మీద, తిరువళ్ళూరుకీ తిరుత్తణికీ నడుమ రామంచేరి దగ్గర ఒక కారూ లారీ ఎదురెదురుగా గుద్దుకున్నాయి. చెన్నైలో చదువుకుంటున్న ఐదుగురు ఆంధ్ర విద్యార్థులు చనిపోయారు. ఇద్దరు గాయాలతో మిగిలారు. ఆ తరువాత ఏడు నెలలకే, 2025 మార్చిలో, తిరుత్తణికి దగ్గరే ఉన్న కె.జి. కండిగై వద్ద ప్రభుత్వ బస్సూ టిప్పర్ లారీ ఢీకొని మళ్ళీ ప్రాణాలు పోయాయి. ఇవి పతాక శీర్షికలకెక్కిన ప్రమాదాలు. ఎక్కనివి ఇంకెన్నో ఉంటాయి. చీకట్లో చెరకు ట్రాక్టరు వెనక దూరిన బైకు, మగ్గం సరుకుతో వస్తూ బోల్తాపడ్డ ఆటో, కావడి ఎత్తుకుని తిరుత్తణి కొండకు నడిచివస్తూ లారీకి చిక్కిన భక్తుడు లోపలి పేజీలో నాలుగు వరుసల వార్తతో సరి. పెద్ద ప్రమాదమైతే మంత్రి వస్తాడు, సంతాపం చెబుతాడు, పరిహారం ప్రకటిస్తాడు. డ్రైవర్ మీద కేసు పెడతారు. నాలుగు రోజులకు రోడ్డు మీది గాజుపెంకులు ఊడ్చినట్టే ఆ సంగతీ ఊడ్చేస్తారు.

ఈ తంతులో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. గుద్దుకున్న క్షణానికీ ఆసుపత్రి గుమ్మానికీ మధ్య ఏం జరిగింది? ఢీకొన్న ఆ క్షణంలోనే పోయినవారిని ఏ వైద్యమూ తిరిగి తేలేదు. వారి కోసం రోడ్డు బాగుండాలి, వేగం తగ్గాలి, హెల్మెట్ ఉండాలి. ఆ చర్చ వేరు. పడ్డాక కూడా ఊపిరి ఆడుతున్నవారి సంగతి ఇక్కడ మాట్లాడుతున్నాం. మూలిగినవారు, కళ్ళు తెరిచి చూసినవారు, ఫలానా నంబరుకి ఫోన్ చేయండని ఇంటివారి పేరు చెప్పినవారు ఆసుపత్రి చేరేలోపో, ఒక ఆసుపత్రి నుంచి ఇంకొక ఆసుపత్రికి తీసుకెళ్తుండగానో పోతే ఆ చావును ప్రమాదం ఖాతాలో రాయడం అబద్ధం. దెబ్బ తగలడం ప్రమాదం కావచ్చు. చూడగల దిక్కు లేక చావడం మాత్రం పాలన చేసిన తప్పు. ఈ తప్పు చేసినవారిలో రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ ఉన్నాయి, రహదారి సంస్థ ఉంది, కేసుకు జంకే ఆసుపత్రులు ఉన్నాయి. చూసి పక్కనుంచి వెళ్ళిపోయే మనమూ ఉన్నాం.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1,68,491 మంది. మరుసటి ఏడు ఆ సంఖ్య 1.72 లక్షలు దాటింది. 2022లో దేశంలోకెల్లా ఎక్కువ ప్రమాదాలు జరిగిన రాష్ట్రం తమిళనాడు. 64,105 ప్రమాదాల్లో 17,884 మంది పోయారు, మరణాల్లో ఉత్తరప్రదేశ్ తరువాతి స్థానం దానిదే. దేశం మొత్తం మీద పోయినవారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనదారులు, అంటే పొద్దున్నే డ్యూటీకి బయల్దేరి ఇంటికి జీతం తెచ్చే వయసువారు. ఈ చావుల్లో ఎన్నిటిని ఆపవచ్చో కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. గాయపడినవారిని మొదటి గంటలో వైద్యానికి చేర్చగలిగితే సగం మరణాలను తప్పించవచ్చని లా కమిషన్ తన 201వ నివేదికలో 2006లోనే చెప్పింది. ఆ నివేదిక వచ్చి దాదాపు ఇరవై ఏళ్ళు. ఆ సగంలో సగం నిజమనుకున్నా, ఏటా నలభై వేల మందికి పైగా మనుషులు బతకవలసి ఉండీ పోతున్నారు. వరదల్లోనో తుపానులోనో ఇంతమంది పోతే దేశం అట్టుడికిపోయేది.

రోడ్డు మీద జరిగేది దగ్గరనుంచి చూద్దాం. బైకు మీంచి పడ్డ మనిషికి తెలివి లేదు. వెల్లకిలా పడి ఉన్నాడు. నాలుక వెనక్కి జారి గొంతుకు అడ్డుపడుతుంది. ముక్కులోంచి, పళ్ళలోంచి కారే రక్తం గొంతులోనే నిలుస్తుంది. గురకలాంటి శబ్దం వస్తుంటే చుట్టూ నిలబడ్డవారు ఊపిరి ఆడుతోందిలే అనుకుంటారు. అది ఊపిరి ఆడటం కాదు, ఊపిరికి దారి మూసుకుపోతున్న చప్పుడు. గాలి పూర్తిగా ఆగితే మెదడు నాలుగైదు నిమిషాలకు మించి తట్టుకోలేదు. ఆ స్థితిలో తలనూ మెడనూ ఒకే వరసలో పట్టుకుని ఒళ్ళంతా ఒక్కసారిగా పక్కకు తిప్పితే చాలు, నోట్లోని రక్తం బయటకి కారిపోతుంది, నాలుక ముందుకు జారుతుంది, గాలి ఆడుతుంది. దీనికి డాక్టరు అక్కర్లేదు, మందు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. తెలిసిన ఇద్దరు మనుషులు చాలు.

మనవాళ్ళు చేసేది ఏమిటి? ప్రేమతోనే చేస్తారు, ఆదరాబాదరాగా చేస్తారు, అందుకే ఇంకా కష్టం కలుగుతుంది. ఒకరు సీసా మూత తీసి నోట్లో నీళ్ళు పోస్తారు. తెలివిలేని మనిషికి ఆ నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఇంకొకరు హెల్మెట్ పట్టుకుని లాగుతారు. మెడ ఎముక విరిగి ఉంటే ఆ లాగుడుతోనే వెన్నుపాము తెగి, బతికినా జీవితాంతం మంచానికే అంటుకుపోవచ్చు. నలుగురు కలిసి కాళ్ళూ చేతులూ పట్టి ఎత్తి ఆటోలో కుదేస్తారు. తల ఒక పక్క వేలాడుతుంటుంది, కాళ్ళు బయట ఊగుతుంటాయి. తొడ ఎముక విరిగితే బయటికి చుక్క కనబడకుండానే లీటరు, లీటరున్నర రక్తం లోపలే పోతుంది. పెద్దవాళ్ళ ఒంట్లో ఉండే మొత్తం రక్తం ఐదు లీటర్ల దరిదాపు. ఆ విరిగిన కాలును కదలకుండా కట్టకుండా ఆటోలో గుంతల మీద తీసుకెళ్తే ప్రతి కుదుపుకీ ఆ ఎముక కొస కండను చీలుస్తూనే ఉంటుంది. చేతిలోంచి ధారకట్టే రక్తాన్ని చూసి కళ్ళు తిరిగి పక్కకు పోయేవారే గానీ, భుజాన ఉన్న తువ్వాలు మడిచి గాయం మీద అదిమిపట్టి, వదలకుండా ఉంచాలని తెలిసినవారు పదిమందిలో ఒకరు ఉండరు. దీనికి ఆ పదిమందిని నిందించలేం. వారికి ఎవరు నేర్పారు?

దెబ్బ తగిలాక తొలి గంటను అమెరికాలోని బాల్టిమోర్‌లో పనిచేసిన సర్జన్ ఆర్. ఆడమ్స్ కౌలీ గోల్డెన్ అవర్ అన్నాడు. ఆ మాట మన చట్టంలోకీ ఎక్కింది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం గాయం తగిలిన తరువాతి ఒక గంటను అలాగే నిర్వచించింది. మంచిదే. అయితే ఆ గంట చుట్టూనే ప్రభుత్వాల ఆలోచన తిరగడం వల్ల నష్టం కూడా జరిగింది. మొదటి పది నిమిషాల్లో ప్రాణం నిలబెట్టగలిగితేనే ఆ గంటకు అర్థం. గంటలోపు ఆసుపత్రి చేరిస్తే చాలనుకుని ఆసుపత్రులు కట్టారు, అంబులెన్సులు కొన్నారు, పథకాలు ప్రకటించారు. రోడ్డు పక్కన పడ్డ మనిషి మీద మొదట చేయి వేసేవాడికి ఏమైనా నేర్పామా అన్నది ఎవరికీ పట్టలేదు. ముక్కూ నోరూ మూసుకుపోయి ఏడో నిమిషంలో పోయినవాడికి నలభయ్యో నిమిషంలో అందే వెంటిలేటర్ ఏ లెక్కన ఉపకారం?

108 సేవను చిన్నచూపు చూడకూడదు. ఆ సేవ పుట్టింది మన తెలుగునేల మీదే. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలై, మూడేళ్ళకు 2008 సెప్టెంబరులో తమిళనాడుకి వచ్చింది. అంతకుముందు అంబులెన్సు అంటే శవాన్ని ఇంటికి చేర్చే బండి అన్నట్టుండేది. మనిషిని బతికించడానికి, డబ్బు అడగకుండా, అర్ధరాత్రైనా వచ్చే బండి ఒకటుందన్న నమ్మకం ఈ దేశంలో పేదవాడికి మొదట ఇచ్చింది 108. పైలట్ (డ్రైవరు), ఈఎంటీ (అత్యవసర వైద్య సహాయకుడు) అని పిలుచుకునే ఆ ఇద్దరు, బండిలో కూర్చుని దారిపొడుగునా చేసే పని విలువ జీతాల్లోనూ కనబడటం లేదు, గౌరవంలోనూ కనబడటం లేదు. కానీ ఎంత వేగంగా వచ్చినా అంబులెన్సు రెండోదే. మొదట చేరేది పంక్చర్ షాపులోని కుర్రవాడు, టీ కొట్టు యజమాని, పెట్రోల్ బంకులో పనివాడు, వెనకే వస్తున్న లారీ డ్రైవరు, బస్సు కండక్టరు. 2021 సెప్టెంబరులో హైదరాబాద్‌లో సినీ నటుడు సాయిధరమ్ తేజ్ బైకు జారిపడి స్పృహ తప్పినప్పుడు దారినపోయేవారే ఆగి 108కి ఫోన్ చేశారు. తల మీద హెల్మెట్ ఉంది, ఆదుకునే చేయి దగ్గర్లో ఉంది, మంచి ఆసుపత్రి అందుబాటులో ఉంది. నటుడికి దక్కిన ఈ మూడూ తిరుత్తణి దగ్గరి పళ్ళిపట్టు నేతకార్మికుడికీ దక్కాలి.

మరి జనం ఎందుకు ఆగరు? భయం. పోలీసు స్టేషన్, సాక్ష్యం, కోర్టు వాయిదాలు, ఆసుపత్రిలో అడ్వాన్సు కట్టమని అడుగుతారేమోనన్న భయం. ఈ భయానికి చరిత్ర ఉంది. ఒక స్కూటరిస్టును కారు గుద్దితే దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఇది మెడికో లీగల్ కేసు, మేం చూడం అన్నారు. ఇరవై కిలోమీటర్ల అవతల అలాంటి కేసులు చూసే ఆసుపత్రికి పొమ్మన్నారు. దారిలోనే ఆయన పోయాడు. ఆ ఉదంతం మీద న్యాయవాది పరమానంద్ కటారా సుప్రీంకోర్టుకు వెళితే 1989 ఆగస్టు 28న తీర్పు వచ్చింది. ముందు ప్రాణం, తరువాతే పోలీసు లాంఛనాలు అని న్యాయస్థానం తేల్చింది. ప్రభుత్వ డాక్టరైనా, ప్రైవేటు డాక్టరైనా వచ్చిన క్షతగాత్రుణ్ణి చూడవలసిందే. ఆ తీర్పుకు ముప్పై అయిదేళ్ళు దాటాయి.

అక్కడితో ఆగలేదు. సేవ్‌లైఫ్ ఫౌండేషన్ వేసిన కేసులో 2016 మార్చి 30న సుప్రీంకోర్టు, గాయపడినవారికి సాయం చేసేవారి రక్షణకు కేంద్రం రాసిన మార్గదర్శకాలకు చట్టబలం ఇచ్చింది. 2019 సవరణలో 134ఎ సెక్షన్ వచ్చింది. మంచి మనసుతో సాయం చేసినప్పుడు పొరపాటు జరిగి మనిషికి హాని కలిగినా, ప్రాణం పోయినా సాయం చేసినవారి మీద సివిల్ కేసు గానీ క్రిమినల్ కేసు గానీ ఉండదు. పేరు, చిరునామా చెప్పమని పోలీసులు బలవంతం చేయకూడదు. ఆసుపత్రి డబ్బు అడగకూడదు, ఆపి ఉంచకూడదు. ఈ హక్కులన్నీ స్థానిక భాషలో రాసి ప్రతి ఆసుపత్రీ గుమ్మం దగ్గర బోర్డు పెట్టాలని 2020 సెప్టెంబరులో కేంద్రం నియమాలు కూడా చేసింది. తిరుత్తణి దగ్గరి ఏ ఆసుపత్రికైనా వెళ్ళి ఆ బోర్డు ఉందో లేదో పాఠకులే చూడండి. ఉంటే అందరికీ కనబడే చోట ఉందా, తమిళంతో పాటు తెలుగులో ఉందా అని కూడా చూడండి. చట్టం ఎంత మంచిదైనా ప్రజల చెవిన పడకపోతే దాని వల్ల ఒక్క ప్రాణమూ నిలబడదు. సాయం చేసినవారికి ఐదు వేలు, ఇప్పుడు రాహ్‌వీర్ పేరుతో పాతిక వేలు ఇస్తామని కేంద్రం ప్రకటించింది. బహుమతి వద్దనం. కానీ ఆగే మనిషికి కావలసింది డబ్బు కన్నా ముందు ధైర్యం. ఆ ధైర్యం స్టేషన్‌లో రైటరు మాట్లాడే తీరును బట్టి వస్తుంది, పోతుంది.

గాయపడినవారికి డబ్బులేమి వల్ల వైద్యం ఆగరాదన్న విషయంలో తమిళనాడు ప్రభుత్వం మెచ్చుకోదగిన పని చేసింది. 2021 డిసెంబరు 18న మేల్‌మరువత్తూరులో ముఖ్యమంత్రి స్టాలిన్ ప్రారంభించిన ‘ఇన్నుయిర్ కాప్పోమ్ – నమ్మై కాక్కుం 48’ పథకం, ప్రమాదం తరువాతి తొలి 48 గంటల వైద్యాన్ని ఉచితం చేసింది. మొదట లక్ష రూపాయల వరకు వర్తించింది. రాష్ట్ర సరిహద్దుల లోపల ప్రమాదం జరిగితే చాలు, గాయపడ్డ మనిషి ఏ రాష్ట్రంవాడని అడగరు. ఈ దారిలో తిరుమలకు, తిరుత్తణికి వచ్చిపోయే తెలుగువారికి ఇది పెద్ద ఊరట. కేంద్రం సంగతి వేరు. గోల్డెన్ అవర్‌లో నగదు లేని వైద్యానికి పథకం తెస్తామని 2019 చట్టంలో రాసుకుని ఏళ్ళ తరబడి తేలేదు. కోయంబత్తూరు ఎముకల శస్త్రవైద్యుడు ఎస్. రాజశేఖరన్ 2012లో వేసిన వ్యాజ్యం విచారణలో 2025 జనవరి 8న సుప్రీంకోర్టు గడువు పెడితే గానీ కదలిక రాలేదు. ఆ గడువూ దాటాక, మే 5న పథకం వెలువడింది. ఒక్కొక్కరికి లక్షన్నర రూపాయల వరకు, ఏడు రోజుల వరకు. ప్రమాద బాధితులకు కత్తి పట్టి చికిత్స చేసే ఒక డాక్టరు కోర్టు మెట్లెక్కితే తప్ప ప్రభుత్వానికి తన చట్టమే గుర్తు రాలేదంటే అది ఆలస్యం కాదు, అపరాధం. చట్టం చేసిననాటికీ పథకం వచ్చిననాటికీ మధ్య ఎన్ని కుటుంబాలు బంగారం అమ్ముకున్నాయో, ఎన్ని కుటుంబాలు అమ్ముకోలేక మనిషిని పోగొట్టుకున్నాయో ఎవరు లెక్క వేస్తారు?

ఇక అన్నిటికన్నా గట్టిగా మాట్లాడవలసినది రెఫరల్ గురించి. తిరుత్తణిలో ప్రభుత్వాసుపత్రి ఉంది. సుమారు నలభై కిలోమీటర్ల దూరంలో తిరువళ్ళూరు ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, 2022 జనవరి 12న ప్రధాని ప్రారంభించిన పదకొండు వైద్య కళాశాలల్లో అదొకటి. ఎనభై కిలోమీటర్ల పైచిలుకు పోతే చెన్నైలో రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ హాస్పిటల్. అటువైపు డెబ్బై కిలోమీటర్ల దరిదాపులో తిరుపతి రుయా, స్విమ్స్ ఆసుపత్రులు. పటంలో చూస్తే చుట్టూ ఆసుపత్రులే. కానీ దెబ్బ తిన్న మనిషి ఒక్కొక్క గుమ్మం ఎక్కి దిగుతూ పోతుంటే ఈ దూరాలన్నీ అతని రక్తంతో కొలిచినవే. తలకు దెబ్బ తగిలి, తొడ విరిగినవాణ్ణి చిన్న ఆసుపత్రి పెద్ద ఆసుపత్రికి పంపడం తప్పు కాదు, పంపవలసిందే. ఊపిరి దారి సరిచేయకుండా, రక్తం ఆపకుండా, విరిగిన కాలు కట్టకుండా, సెలైన్ పెట్టకుండా, అక్కడికి ఫోన్ చేసి చెప్పకుండా, ఒక చీటీ మీద ‘హయ్యర్ సెంటర్’ అని రాసి పంపడం తప్పు. అది చికిత్స కాదు, చావు తమ రిజిస్టర్‌లో పడకుండా చూసుకోవడం. చెన్నైకి పొమ్మన్న చీటీ మీద ఎన్ని గంటలకు వచ్చాడు, ఎన్ని గంటలకు పంపాం, ఈ మధ్య ఏం చేశాం అన్న మూడు మాటలు లేకపోతే ఆ చీటీ రాసినవారి మీద చర్య ఉండాలి.

చిన్న ఆసుపత్రిలో ఏం చేయగలం అనేవారికి సమాధానం ఉంది. ట్రానెక్సామిక్ ఆసిడ్ అనే మందు గడ్డకట్టిన రక్తం కరిగిపోకుండా ఆపి, రక్తస్రావం తగ్గడానికి తోడ్పడుతుంది. 40 దేశాల్లో 274 ఆసుపత్రుల్లో ఇరవై వేల మందికి పైగా క్షతగాత్రుల మీద జరిగిన క్రాష్-2 పరీక్ష ఫలితాలు 2010లో వచ్చాయి. మన దేశపు ఆసుపత్రులూ అందులో ఉన్నాయి. గంటలోపు ఇస్తే రక్తస్రావంతో పోయేవారు దాదాపు మూడో వంతు తగ్గారు. మూడు గంటలు దాటాక ఇస్తే మేలు పోయి కీడే కనబడింది. ఖరీదైన మందు కాదు. మరుసటి ఏడే ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. ఒక గ్రాము మందును పది నిమిషాల్లో నరంలోకి ఎక్కించడానికి మెడికల్ కాలేజీ అక్కర్లేదు. తిరుత్తణిలోనే, ఆర్.కె. పేటలోనే, నగరిలోనే ఇవ్వవచ్చు. మూడు ఆసుపత్రులు తిరిగి నాలుగో గంటలో చెన్నై చేరిన మనిషికి ఆ తలుపు కూడా మూసుకుపోయినట్టే. ప్రతి 108 బండిలోనూ, ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ ఈ మందు ఉందా, గత ఏడాది ఎంతమందికి వాడారు అన్నది జిల్లా ఆరోగ్య శాఖ బహిరంగంగా చెప్పాలి.

తిరుత్తణికి మరో కష్టం ప్రత్యేకం. అది సరిహద్దు. 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలో కలిసిన తాలూకా ఇది. గీత మారినా మనుషులు మారలేదు. పళ్ళిపట్టు, పొదటూరుపేట, ఆర్.కె. పేట ఊళ్ళలో తెలుగు ఇళ్ళు ఎన్నో. అటు నగరి, ఏకాంబరకుప్పంతో పెళ్ళి సంబంధాలు, మగ్గాల వ్యాపారం, బస్సు ప్రయాణం అంతా ఒకటే. కానీ సరిహద్దు దగ్గర ప్రమాదం జరిగినప్పుడు మాత్రం ఆ గీత నిప్పులా తగులుతుంది. రెండు రాష్ట్రాల్లోనూ 108 నంబరు ఒకటే అయినా, ఫోన్ ఏ వైపు టవర్‌ను అందుకుంటే ఆ రాష్ట్రపు కంట్రోల్ రూమ్ పలుకుతుంది. ఇవతల నిలబడి అవతలివారితో మాట్లాడవలసి వస్తే, కంగారులో ఉన్న మనిషి తెలుగులో చెప్పేది తమిళంలో వినేవారికి, తమిళంలో చెప్పేది తెలుగులో వినేవారికి ఎంతవరకు అర్థమవుతుంది? ఊరి పేరు విని మా పరిధి కాదంటే మరో ఫోన్, మరి కొన్ని నిమిషాలు. 48 గంటల పథకం గీతకు ఇవతల ప్రమాదం జరిగితేనే. కిలోమీటరు అవతల అదే లారీ కింద పడ్డవాడికి అది లేదు. రెండు రాష్ట్రాలూ ఎర్రచందనం దొంగల కోసం, మద్యం సీసాల కోసం సరిహద్దులో చెక్‌పోస్టులు నడపగలిగాయి. మనిషి ప్రాణం కోసం ఒక ఉమ్మడి ఒప్పందం రాసుకోలేకపోవడానికి సాకు ఏముంది?

దగ్గరున్న బండి ఏ రాష్ట్రానిదైనా అదే రావాలి. తగిన ఆసుపత్రి ఏ రాష్ట్రంలో దగ్గరుంటే అక్కడికే పోవాలి. చెన్నైలోనూ అమరావతిలోనూ సంతకాలు కావలసిన పనే ఇది, కానీ తిరువళ్ళూరు, చిత్తూరు, తిరుపతి కలెక్టర్లు ఒక్క రోజు కూర్చుంటే ముసాయిదా తయారవుతుంది. కేంద్ర పథకం రెండు వైపులా వర్తిస్తుంది కాబట్టి డబ్బు దగ్గర తగాదా పడనక్కర్లేదు కూడా. అందులో పోలీసు ధ్రువీకరణ కావాలన్న నియమం ఉంది. ఆ ధ్రువీకరణ కోసం రోగి బంధువులను స్టేషన్ చుట్టూ తిప్పకుండా పోలీసులే ఆసుపత్రికి వచ్చి ముగించాలి.

ముందు ప్రమాదాలు ఆపండి, తరువాత అంబులెన్సుల సంగతి చూద్దాం అనే వాదన ఒకటి వినబడుతుంది. వేగం, మద్యం, రాత్రిళ్ళు రిఫ్లెక్టర్ లేని చెరకు బండ్లు, ఎదురు దారిలో వచ్చే టిప్పర్లు వీటన్నిటి మీదా కఠినంగా ఉండాల్సిందే. ఈ రెండింటిలో ఒకటి ఎంచుకోమని ఎవరూ అడగలేదు. ఒకటి చేయనందుకు రెండోదాన్ని సాకుగా చూపడం చేతగానితనం. గుద్దిన డ్రైవరు పారిపోతున్నాడని కోపం ఉంది. చట్టం ప్రకారం గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చవలసిన మొదటి బాధ్యత ఆ డ్రైవర్‌దే. అతడు ఆగకపోవడానికి పెద్ద కారణం చుట్టుముట్టి కొట్టే గుంపు. చేయి చేసుకోవడానికి ముందుకొచ్చే పదిమందిలో ఒకరైనా పడ్డవాడి గాయం మీద గుడ్డ అదిమిపట్టి ఉంటే, ఆ కోపానికి కూడా అర్థం ఉండేది. సెల్‌ఫోన్ పైకెత్తి వీడియో తీసేవారికి ఒకటే మాట. ఆ ఫోన్‌తోనే ముందు 108కి కాల్ చేయండి.

ప్రభుత్వం చేయవలసింది ఎవరికీ తెలియనిదేమీ కాదు. తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి మీదుగా నగరి దాకా రోడ్డు వెంట ఉన్న ప్రతి పెట్రోల్ బంకు, పంక్చర్ షాపు, దాబా, టోల్ గేటు, బస్సు డిపో నుంచి మనుషులను పిలిచి శిక్షణ ఇవ్వాలి. ఊపిరి దారి తెరవడం, రక్తం అదిమి ఆపడం, మెడ కదలకుండా తిప్పడం, ఎప్పుడు ఎత్తాలి ఎప్పుడు ఎత్తకూడదు. ఒక పూట పాఠం, ఏడాదికొకసారి మళ్ళీ గుర్తుచేయడం. నేర్పడానికి మెడికల్ కాలేజీ ఉంది, 108 సిబ్బంది ఉన్నారు. నేర్చుకున్నవారి దుకాణం ముందు గుర్తు బోర్డు, లోపల గుడ్డ, కట్టు, బద్దలు, గ్లవుజులు ఉన్న పెట్టె ఉండాలి. డ్రైవింగ్ లైసెన్సు ఇచ్చేటప్పుడు ‘ఎనిమిది’ వేయించి పంపడంతో సరిపెట్టకుండా పక్కనవాడి ప్రాణం పోతుంటే ఏం చేయాలో చేయించి చూడాలి. ఇది పెద్ద ఖర్చు కూడా కాదు. ఒక ఫ్లైఓవర్ ఖర్చులో చిల్లరతో అయిపోయే పని.

దీనికన్నా ముందు జరగవలసింది లెక్క చెప్పడం. రోడ్డు మీద ప్రాణం పోయినప్పుడు ఎఫ్‌ఐఆర్‌లో డ్రైవరు తప్పు రాస్తారు. ఆ తరువాతి తప్పు ఎవరూ రాయరు. ఫోన్ ఎన్ని గంటలకు వెళ్ళింది, బండి ఎన్ని గంటలకు వచ్చింది, ఎన్ని ఆసుపత్రులు చూశారు, ఒక్కొక్క చోట ఎంతసేపు ఉంచారు, ఎక్కడ ఊపిరి ఆగింది? ప్రసూతి మరణాల మీద జిల్లాల్లో సమీక్ష జరుపుతారు. ప్రతి తల్లి చావుకూ కారణం వెతికే పద్ధతి అది. రోడ్డు చావుకూ అదే జరగాలి. నెలకొకసారి కలెక్టరు ముందు, పోలీసు, ఆరోగ్య శాఖ, రహదారి సంస్థ, 108 నిర్వాహకులు కూర్చుని ఒక్కొక్క మరణం తీసి, దీన్ని ఆపగలిగేవాళ్ళమా అని తేల్చాలి. తేల్చినది పేర్లు లేకుండా ప్రజలకు చెప్పాలి. ఆపగలిగిన చావులు ఏ గుమ్మం దగ్గర జరుగుతున్నాయో బయటపడిన రోజు ఆ గుమ్మాలు తమంతట తామే మారతాయి.

డిసెంబరు 31 రాత్రి తిరుత్తణి కొండ 365 మెట్లకు పడిపూజ జరుగుతుంది. ఆడికృత్తికకు కావళ్ళతో లక్షలమంది వస్తారు. ఆ రోజులకు ఎన్ని ప్రత్యేక బస్సులు, ఎంతమంది పోలీసులు అని ముందే ప్రకటిస్తారు. ఆ ప్రకటనలో రోడ్డు వెంట శిక్షణ పొందినవారు ఎక్కడెక్కడ ఉంటారు, సరిహద్దు రెండు వైపుల 108 బండ్లు ఎక్కడ నిలబడతాయి, ఏ గాయాన్ని నేరుగా ఏ ఆసుపత్రికి తీసుకుపోతారు అన్నది కూడా ఉండాలి. వచ్చే ఆడికృత్తికలోపు తిరువళ్ళూరు జిల్లా యంత్రాంగం ఈ పని పూర్తి చేయాలి, ఆవలి నుంచి చిత్తూరు, తిరుపతి జిల్లాలు కలిసిరావాలి. చేయకపోతే, ఆ తరువాత ఈ దారిలో పడి, ఊపిరి ఉండీ, చూసే దిక్కు లేక పోయే ప్రతి మనిషి చావుకూ బాధ్యులు లారీ డ్రైవర్లు మాత్రమే కారు. తెలిసీ ఏమీ చేయని అధికారులూ, వారిని అడగని ప్రజాప్రతినిధులూ ఆ నేరంలో భాగస్వాములే.